మందూ, మాటా: చిక్కపేట చుట్టూ నూటపాతికేళ్ల రోగి పరిచర్య

బెంగుళూరు చిక్కపేట అనగానే మన ఇండ్లలోని స్త్రీలకు పట్టుచీరలు, పురుషులకు బేరసారాలు జ్ఞాపకం వస్తాయి. పెండ్లి కుదిరిన తెలుగు కుటుంబం ఏదైనా సరే, ఒకసారి ఆ ఇరుకు వీధిలో అడుగుపెట్టే ఉంటుంది. ఆ వీధికి పావుగంట, ఇరవై నిమిషాల నడకలోనే విక్టోరియా ఆసుపత్రి, వాణీవిలాస ఆసుపత్రి, మింటో కంటి ఆసుపత్రి మూడూ ఉన్నవి. చీరల అంగడికి పోయినవారే అవసరం వచ్చినప్పుడు అక్కడికీ పోయారు. కాన్పులు అక్కడ జరిగాయి, శుక్లాలు అక్కడ తీయించుకున్నారు. అయినప్పటికీ పేటకూ ఆసుపత్రులకూ గల సంబంధాన్ని గురించి మనలో ముచ్చటించుకొనేవారు తక్కువ.

ఆసుపత్రుల చరిత్ర వ్రాసేవారు సాధారణంగా శంకుస్థాపన చేసిన ప్రభువుల పేర్లూ, శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ల పేర్లూ వ్రాసి ఊరుకుంటారు. గోడమీది రాతిపలకలు కూడా ఆ పేర్లనే చెబుతాయి. రోగి ప్రక్కన నిలబడి మందు ఎప్పుడు పుచ్చుకోవాలో, కట్టు ఎందుకు విప్పరాదో, ఇంటికి పోయిన తరువాత ఏమి చేయాలో చెప్పిన నర్సుల మాట ఏ పలకమీదా లేదు. ఈ వ్యాసం ఆ మాటను గురించినది. మాట అంటే ఇక్కడ అలంకారం కాదు, నిజంగా నోటిమాటే. రోగికీ, రోగి ఇంటివారికీ అర్థమయ్యేటట్లు చెప్పిన మాట. పరభాషల నడుమ సంసారాలు చేసుకుంటున్న మనకు ఇది ఇతరులకంటె కొంచెం ఎక్కువగానే కావలసిన సంగతి.

మింటో ఆసుపత్రికి బీజం పడ్డది చిక్కపేటలోనే. 1896లో అక్కడ చిన్న కంటి వైద్యశాలగా ఆరంభమై, అభివృద్ధి చెంది, 1913లో ఇప్పుడున్న పెద్ద భవనంలోకి చేరింది. ఆ రోజులలో శుక్లం తీయించుకోవడం అంటే ఒక తపస్సు. కోత కోసిన తరువాత కుట్లు వేసే అలవాటు అంతగా లేదు. గాయం తనంతట తాను అతుక్కోవాలి. అందుచేత రెండు కండ్లకూ కట్టు కట్టి, తల అటూ ఇటూ కదలకుండా ఇసుక సంచులు ఆనించి, రోగిని రోజుల తరబడి వెల్లకిల పడుకోబెట్టేవారు. దగ్గరాదు, తుమ్మరాదు, వంగరాదు. ముసలి ప్రాణం. చుట్టూ చీకటి. తలాపున ఎవరో వచ్చి నిలబడ్డారని అలికిడిని బట్టి తెలియవలసిందే. ఆ స్థితిలో నర్సు గొంతు తప్ప రోగికి లోకం లేదు. ఆ గొంతు పలికే భాష తనకు రానిదైతే, "కదలవద్దు" అన్న మాటకూ "లేచి కూర్చో" అన్న మాటకూ తేడా ఎలా తెలుస్తుంది? ఒక్క కుదుపుతో కన్ను పోయే కాలం అది.

ఈనాడు అదే ఆపరేషన్ చేయించుకున్నవారు చాలామంది ఆ పూటే ఇంటికి వచ్చేస్తున్నారు. ఎంతో మేలు, కాదనను. కాని ఒక సంగతి గమనించాలి. ఆనాడు వారం పది రోజులు నర్సు చేసిన పని ఈనాడు ఎవరు చేస్తున్నారు? ఇంట్లో కోడలో, కొడుకో, మనుమరాలో చేస్తున్నారు. చేతులు కడుక్కొని, సీసా మొన కంటికి తగలకుండా చుక్కలు వేయడం, ఏ చుక్కలకు తరువాత ఏ చుక్కలో గుర్తుపెట్టుకోవడం, కన్ను ఎర్రబడి నొప్పి పెడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తడం, అన్నీ ఇంటివారి బాధ్యతలైనాయి. వైద్యం పెరిగినకొద్దీ ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి. తగ్గిన ప్రతి దినపు పరిచర్యా ఇంటికి బదిలీ అయింది. ఆ బదిలీ జరిగేది నర్సు మాటమీదనే. నూటపాతికేళ్ల ఈ కథలో నాకు ముఖ్యంగా కనబడేది ఇదే.

ఇక ప్లేగు మాట చెప్పాలి. మన పేటకు అంతకంటె పెద్ద గుణపాఠం మరొకటి లేదు. 1898 ఆగస్టులో, అనగా విళంబి నామ సంవత్సరంలో, హుబ్బళ్లి వైపునుండి రైలు దారిన ప్లేగు బెంగుళూరు చేరింది. ఆ ఏటి ఉగాదినాడు పంచాంగ శ్రవణం విన్నవారు ఏమి విన్నారో గాని, దీపావళి నాటికి సగం పేట తాళాలు వేసుకున్నది. గోడకు గోడ ఆనుకొన్న ఇండ్లు, అటుకులమీద ధాన్యపు బస్తాలు, ఆ బస్తాల సందుల్లో ఎలుకలు. చిక్కపేట, నగర్తపేట, తరగుపేటల వంటి చోట్లు ప్లేగుకు పుట్టినిల్లు వంటివి. అప్పటి మైసూరు దివాను సర్ కె. శేషాద్రి అయ్యరు. ప్లేగు కమిషనరుగా నియమింపబడినవాడు వి. పి. మాధవరావు; ఆయన తరువాత కాలంలో దివాను కూడా అయినాడు. ఊరిబయట శిబిరాలు వేశారు. జబ్బుపడ్డవారిని ఇంటివారినుండి వేరుచేశారు. ఇండ్లు ఖాళీ చేయించి మందునీళ్లు చల్లారు. శిబిరాల పనికోసమే నగరంలో టెలిఫోను తీగలు లాగారని చెబుతారు. కులం కారణంగా తిరువాన్కూరులో ఉద్యోగం దొరకక మైసూరు కొలువుకు వచ్చిన డాక్టర్ పల్పు ఆ ప్లేగు శిబిరాలలో పనిచేశాడు. బసవనగుడి, మల్లేశ్వరం పేటలు వెలిసినదీ ఆ సంవత్సరాలలోనే. ఈనాడు అక్కడ విశాలమైన వీధులలో కాపురముంటున్న మన వారు తమ ఇంటి చుట్టూ ఉన్న గాలీ వెలుతురూ ప్లేగు పెట్టిన భిక్ష అని ఎరుగుదురో లేదో!

అధికారులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు, అది ఒప్పుకోవాలి. పోతే, ప్రజలు ఎందుకు దాక్కున్నారు? జబ్బు మనిషిని అటకమీద దాచారు, శవాన్ని రాత్రికి రాత్రి తరలించారు, టీకా వేసేవారు వస్తున్నారంటే దొడ్డిదారిన పారిపోయారు. దేశమంతటా ఇదే కథ. పరాయి మనుషులు ఇంట్లో జొరబడి, వంటింటిదాకా వచ్చి, కోడలి చంకలో గడ్డ ఉన్నదా అని చూస్తే ఏ కుటుంబం సహిస్తుంది? ఎందుకు చూస్తున్నారో ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి వారికి కూడా పూర్తిగా తెలియదు మరి. ప్లేగు క్రిమిని 1894లో హాంగ్‌కాంగ్‌లో యెర్సిన్ కనిపెట్టాడు. ఎలుకమీది గోమారి వంటి చిన్న పురుగు ఆ క్రిమిని మనిషికి అంటిస్తుందని కరాచీలో సీమండ్ అనే ఫ్రెంచి వైద్యుడు తేల్చినది సరిగా 1898లోనే. దానిని లోకం ఒప్పుకోవడానికి మరికొన్నేళ్లు పట్టింది. కాగా, మన పల్లెజనం ఇంటిలో ఎలుకలు రాలితే ఊరు విడిచి పొలాల్లో పాకలు వేసుకోవడం అప్పటికే నేర్చుకున్నారు. అధికారుల చేతిలో అధికారం ఉన్నది, జనం చేతిలో అనుభవం ఉన్నది. రెంటినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి లేడు. ఆ ఖాళీలో ప్లేగమ్మ గుళ్లు వెలిశాయి. వాటిని చూసి నవ్వేవారు నవ్వవచ్చు. దిక్కుతోచని జనానికి తమ భాషలో మొరపెట్టుకోవడానికి దొరికిన చోటు అదొక్కటే మరి.

ఇక్కడ తేదీల విచిత్రం ఒకటి చెప్పకుండా ఉండలేను. విక్టోరియా రాణి పట్టానికి అరవై ఏండ్లు నిండిన పండుగ సందర్భంలో, 1897 జూన్ 22వ తేదీన, బెంగుళూరులో విక్టోరియా ఆసుపత్రికి మహారాణి కెంపనంజమ్మణ్ణి శంకుస్థాపన చేశారు. అదే రోజు రాత్రి పూనాలో ప్లేగు అధికారి రాండ్‌ను చాపేకర్ సోదరులు కాల్చారు. సోల్జర్లను ఇండ్లలోకి పంపి సోదాలు చేయించిన ఆగ్రహం అది. ఆ పూనా ప్రాంతంలోనే ఆ ఏడు మార్చి 10వ తేదీన సావిత్రీబాయి ఫూలే కన్నుమూసింది. ప్లేగు తగిలిన పిల్లవాణ్ణి తానే ఎత్తుకొని కుమారుడి వైద్యశాలకు తీసుకుపోయి, ఆ అంటుతోనే మరణించింది. సోల్జరు వస్తే తలుపు మూసిన జనమే ఆమె వస్తే తలుపు తీశారు. నర్సు చదువు ఆమె చదువలేదు. అయినా పరిచర్య అంటే ఏమిటో తెలిసిన మనిషి.

విక్టోరియా ఆసుపత్రిని 1900 డిసెంబరు 8వ తేదీన లార్డ్ కర్జన్ ప్రారంభించాడు. 1791లో కారన్‌వాలీసు సేనలకూ టిప్పు సేనలకూ యుద్ధం జరిగిన కోట పరిసరాలలో, మొదట నూటనలభై పడకలతో వెలిసింది. పేటకూ కోటకూ మధ్య ఉండడంచేత, వీధిలో జారిపడ్డ హమాలీ మొదలు మగ్గం గుంటలో నడుము పట్టుకున్న నేతగాని వరకూ అందరికీ అదే దిక్కయింది. కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూ, మరాఠీ, అన్ని భాషలవారూ ఒకే వార్డులో ప్రక్క ప్రక్క మంచాలమీద పడుకున్నారు. తెలుగు మాటలాడే దేవాంగులు, పద్మశాలీలు, వైశ్యులు, బలిజలు తరతరాలుగా ఈ పేటల్లో స్థిరపడినవారు. తరువాత అనంతపురం, చిత్తూరు, కడప సీమలనుండి బ్రతుకు తెరువుకు వచ్చినవారు వేరు. పాతవారికి కన్నడం ఇంటి భాషతో సమానం. కొత్తగా వచ్చినవారికే చిక్కు.

స్త్రీల సంగతి ప్రత్యేకం. ఎలె మల్లప్ప శెట్టి అనే తమలపాకుల వర్తకుడు పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ నగరంలో ప్రసూతి వైద్యశాల కట్టించాడు. 1935లో వాణీవిలాస ఆసుపత్రి స్త్రీలకూ పిల్లలకూ ప్రత్యేకంగా ఏర్పడింది. మగ డాక్టరు ముఖం చూడని ఇల్లాండ్రు దాదిని మాత్రం లోపలికి రానిచ్చేవారు. బొడ్డు కోసే కత్తి నీళ్లలో మరగబెట్టాలనీ, పురిటి గదికి కిటికీ తెరవాలనీ, బిడ్డకు మొదటి పాలు పిండి పారబోయరాదనీ చెప్పవలసింది ఆమే. చెప్పడం సులభమా? అత్తగారు ఒప్పుకోవాలి, మంత్రసాని ఒప్పుకోవాలి. అనుభవంగల దాది ముందు అత్తగారితో మాటలు కలిపి, ఆమెచేతనే కిటికీ తెరిపించేదట! ఈ యుక్తి పాఠ్యపుస్తకాలలో ఉండదు.

మన తెలుగునాట కూడా దీనికి మంచి ఉదాహరణ ఉన్నది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికా డాక్టరమ్మ అన్నా కుగ్లర్, 1898లో అక్కడ ఆసుపత్రి తెరిచింది. అక్కడనే నర్సులకు శిక్షణ కూడా జరిగింది. ఏలూరు రాజావారు కృతజ్ఞతతో ఆ ఆసుపత్రి ఎదుట రోగుల బంధువులకోసం సత్రం కట్టించారు. చూడండి, రాజావారు మరొక వార్డు కట్టించలేదు, సత్రం కట్టించారు. రోగి వెంట నలుగురు వస్తారనీ, ఆ నలుగురూ వైద్యంలో భాగమేననీ ఆయనకు తెలుసు. నేటి పెద్ద ఆసుపత్రులు కట్టే ఇంజనీర్లు ఈ మాట మరచిపోయి, తోడు వచ్చినవారిని మెట్లమీద పడుకోబెడుతున్నారు. వేలూరులో ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల పాఠశాల పెట్టి, చుట్టుపట్ల గ్రామాల రోడ్ల ప్రక్క చెట్లక్రింద వైద్యం నడిపింది. చిత్తూరు జిల్లావారెందరికో వేలూరు ఈనాటికీ సొంత ఊరి ఆసుపత్రి వంటిదే.

ఇప్పుడు క్షయ వ్యాధికి వస్తాను. నేను చెప్పదలచిన దానికి ఇది గుండెకాయ.

బెంగుళూరుకు ఈశాన్యాన, బస్సులో నాలుగు గంటల లోపు దూరంలో, మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం ఉన్నది. పలు క్రైస్తవ మిషనులు కలిసి 1912లో మదనపల్లెలో ఆరంభించిన క్షయ చికిత్సాలయం 1915లో ఆ ఆవరణకు మారింది. మొదటి వైద్యాధికారి డెన్మార్కు దేశస్థుడు ఫ్రీమాట్ మోలర్. తరువాత అధిపతియైన డాక్టర్ పి. వి. బెంజమిన్ స్వాతంత్ర్యానంతరం భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయినాడు. బి.సి.జి. టీకా మన దేశంలో 1948లో మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. మందులు లేని ఆ తొలి రోజులలో ఆరోగ్యవరంలో వైద్యమంటే ఏమిటి? విశ్రాంతి, గాలి, తిండి, క్రమశిక్షణ. జ్వరం చూసి కాగితంమీద గీత గీయడం, మూతగల గిన్నెలో మాత్రమే ఉమ్మడం, దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవడం, మొదట మంచం దిగకుండా ఉండి తరువాత రోజుకు కొంచెం కొంచెంగా నడవడం. ఇవన్నీ నేర్పినది నర్సులే. ఆ విధంగా చూస్తే అది ఆసుపత్రి అనడంకంటె పాఠశాల అనడం సబబు. తగ్గి ఇంటికి పోయినవాడు ఉమ్మే పద్ధతి ఊరికి నేర్పేవాడు.

అయితే ఒక బాధ ఉన్నది. చికిత్సాలయాలలో పడకలు కొద్ది, రోగులు లక్షలు. భోర్ కమిటీ 1946లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశం మొత్తానికి నర్సులు సుమారు 7,000 మంది, అంటే నలభైమూడు వేల జనాభాకు ఒకరు! ఆరోగ్య సందర్శకురాండ్రు 750 మంది. ఈ లెక్కను మరొకసారి చదవండి. ఇంత పెద్ద దేశంలో ఇంటింటికి పోయి రోగం గురించి చెప్పడానికి ఏడువందల ఏభైమంది.

1950 ప్రాంతంలో ఐసోనియాజిడ్, పి.ఏ.ఎస్. మందులు వచ్చాయి. మద్రాసులో 1956లో భారత వైద్య పరిశోధక మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిషు వైద్య పరిశోధక మండలి, మద్రాసు ప్రభుత్వం కలిసి ఒక కేంద్రం పెట్టి, ఒక ప్రశ్న వేసుకున్నవి: రోగిని చికిత్సాలయంలో పెట్టకుండా ఇంట్లోనే ఉంచి మందులిస్తే తగ్గుతుందా? పేద రోగులు 193 మందిని తీసుకొని, సగం మందిని చికిత్సాలయానికి పంపారు, సగం మందిని ఇరుకిండ్లలోనే ఉంచారు. ఏడాది పాటు ఒకే మందులు. ఇంటనున్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ, పని తప్పదు. 1959లో ఫలితం వెలువడింది: ఇంటి వైద్యం ఇంచుమించు చికిత్సాలయ వైద్యానికి సమానంగా పనిచేసింది. ఇంట్లోని ఇతరులకు అంటుకొనే ప్రమాదం కూడా అందువల్ల పెరగలేదు. ప్లేగు నాటి విళంబి అరవై ఏండ్లకు మళ్లీ వచ్చి పోయిన సమయమది. మొదటి విళంబిలో జబ్బు మనిషిని ఇంటినుండి లాక్కుపోవడమే వైద్యమనుకున్నారు. రెండవ విళంబి దాటేసరికి ఇల్లే ఆసుపత్రి కాగలదని తేలింది!

కాని ఉత్తినే కాలేదు. మాత్రలు చేతికిచ్చి పొమ్మనలేదు. కేంద్రంవారు ఇండ్లకు పోయి పలకరించారు, మాత్రలు లెక్కపెట్టారు, చెప్పకుండా వెళ్లి మూత్రం పరీక్షించారు. పి.ఏ.ఎస్. కడుపులో తిప్పే మందు; మానేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. పైగా రెండు మూడు నెలలకు దగ్గు పోతుంది, ఒళ్లు వస్తుంది. బాగయిపోయిన మనిషి ఇంకా తొమ్మిది నెలలు చేదు ఎందుకు మింగాలి? దానికి జవాబు చెప్పగలిగినవారు ఉన్నచోట మందు పనిచేసింది. చెప్పేవారు లేనిచోట మందు మానేశారు, జబ్బు తిరగబెట్టింది, ఆ మందుకు లొంగని క్రిమి పెరిగింది.

1959లోనే బెంగుళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. దానివారు పొరుగున ఉన్న తుమకూరు జిల్లాలో ఒక పరిశీలన చేశారు. బెనర్జీ, ఆండర్సన్ అనే ఇద్దరు 1963లో దానిని ప్రకటించారు. అప్పటివరకు పెద్దలందరి నమ్మకం ఏమంటే, పల్లెజనం అజ్ఞానులు, రోగం వచ్చినా ఎరుగరు, ఎరిగినా ఆసుపత్రికి రారు అని. పరిశీలనలో తేలినది వేరు. క్షయ ఉన్నవారిలో అత్యధికులు తమకు ఏదో జబ్బు చేసిందని స్పష్టంగా ఎరుగుదురు. సగానికి పైగా అప్పటికే ఇంగ్లీషు వైద్యం చేసేవారి వద్దకు వెళ్లి చూపించుకున్నారు. వెళ్లి, పలువురు దగ్గుమందు సీసాతో తిరిగి వచ్చారు! కఫం పరీక్ష చేద్దాం రమ్మని చెప్పినవారు లేరు. ఆ లెక్క చదివితే ఎవరిది అజ్ఞానమో ఆలోచించవలసి వస్తుంది. రోగి తన వంతు నడక నడిచి వచ్చాడు. ఇవతలివైపునుండి రావలసిన మాట రాలేదు. నా అభిప్రాయంలో ఈ ఒక్క పరిశీలన రోగులకు బోధించేవారందరూ మొదట చదువుకోవలసినది. ఆ తరువాత జిల్లా జిల్లాకూ ఏర్పడిన క్షయ కార్యక్రమం, ప్రతి చిన్న ఆసుపత్రిలోనూ కఫం పరీక్ష ఉండాలనే సూత్రం, ఈ ఆలోచననుండి బలం పుంజుకున్నవే.

ఇంతకూ, పేటలోని మన సంసారాల సంగతికి వద్దాం. కన్నడం, తెలుగు అక్కచెల్లెండ్రు అంటాము. నిజమే, అక్కచెల్లెండ్ర మధ్యనే అపార్థాలు ఎక్కువ. కన్నడంలో "తిండి" అంటే ఉదయపు ఫలహారం. తెలుగులో తిండి అంటే ఏ పూట తిన్నా తిండే. నర్సమ్మ "తిండిగె ముంచె" అని చెప్పి మాత్ర ఇస్తే, ఉదయం ఫలహారానికి ముందు అని ఆమె భావం. కొత్తగా వచ్చిన తెలుగు ముసలమ్మ మూడు పూటలా తినబోయే ముందు ఒక్కొక్కటి మింగుతుంది! "ముంచె" అంటే నీళ్లలో ముంచి కాబోలు అనుకొనేవారూ లేకపోలేదు. అలాగే "ఊట" అంటే వారికి భోజనం, మనకు చెలమలోని నీటి ఊట. నవ్వులాటగా ఉన్నా, చక్కెర వ్యాధి మాత్రలతో ఈ పొరపాటు జరిగితే మనిషి స్పృహ తప్పి పడిపోతాడు. చీటీమీద 1–0–1 అని వ్రాస్తే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని చదువుకున్నవారికి తెలుసు. నూటొకటి అనుకొనేవారికి ఎవరు విప్పి చెప్పాలి?

చక్కెర వ్యాధి అంటే జ్ఞాపకం వచ్చింది. "తీపి మానేశానండీ" అని మనవారు గర్వంగా చెబుతారు. ఎదుట విస్తరిలో అన్నం గోపురంలా ఉంటుంది. తెలుగువారికి అన్నం తీపి కాదు. అన్నం కూడా కడుపులోకి పోయి చక్కెరే అవుతుందని వారికి తెలిసేటట్లు చెప్పడానికి ఒక మంచి తెలుగు మాట సిద్ధంగా ఉన్నది: పథ్యం. కామెర్లకు పథ్యం, బాలింతకు పథ్యం, మన ఇండ్లలో తరతరాలుగా నడుస్తున్నది. ఆ మాట తెలిసిన నర్సు "అన్నం తగ్గించండి" అనడానికి బదులు "ఇది ఇన్నాళ్లని లెక్కలేని పథ్యం అమ్మా" అంటే ముసలామెకు వెంటనే అర్థమవుతుంది. అయితే పథ్యం పేరుతోనే మనం చేసే అపకారం కూడా లేకపోలేదు. క్షయ రోగికి గుడ్డు, పాలు, పప్పు పెట్టమంటే చారన్నంతో సరిపెట్టి, "ఒళ్లు వేడి చేస్తుంది" అనేవారిని ఎందరిని చూడటం లేదు!

ప్రవాస కుటుంబాలలో ఇంకొక చిక్కు ఉన్నది. అవ్వకూ నర్సుకూ నడుమ దుబాసి ఎవరు? బడికి పోయే మనుమడు. పదకొండేళ్ల పిల్లవాడు. నాయనమ్మ తన స్త్రీ సంబంధమైన బాధ వాడితో చెప్పగలదా? డాక్టరు కాన్సరు అన్నాడనుకోండి, ఆ మాట వాడు నాయనమ్మతో ఎలా అంటాడు? పెద్దవారుంటే మరొక విధం: రోగికి తెలియరాదని జబ్బు పేరే దాచిపెడతారు. పేరు తెలియని జబ్బుకు ఆరు నెలల మందు ఎవరు మింగుతారు? ప్రేమతోనే దాస్తున్నారు, కాదనడం లేదు.

ఇటువంటి చోట నర్సులకు భాష రావడం ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. 1972లో కోట ప్రాంతంలోనే ప్రభుత్వ నర్సింగు కళాశాల ఏర్పడింది. ఆ తరువాతి దశాబ్దాలలో బెంగుళూరు నర్సుల చదువుకు పెద్ద కేంద్రమైనది. కేరళనుండి వచ్చిన అమ్మాయిలు ఎందరో ఇక్కడ చదివి ఇక్కడే కొలువు చేశారు. మలయాళం ఇంటి భాష, చదువు ఇంగ్లీషులో, కొలువు కన్నడంలో, రోగి తెలుగులో. నాలుగు భాషల మధ్య పనిచేసే ఆ పిల్లల తెలుగును మనం ఎగతాళి చేయరాదు. "నొప్పి ఎక్కడ ఉంది అమ్మా" అన్న నాలుగు ముక్కలు ఏ వ్యాకరణమూ చదవకుండా, మంచం మంచం తిరిగి నేర్చుకున్నవి.

2010 తరువాతి సంవత్సరాలలో బెంగుళూరు నారాయణ హృదయాలయ నర్సులతో కలిసి నూరా హెల్త్ అనే సంస్థ ఒక పని ప్రారంభించింది. గుండె ఆపరేషన్ అయిన రోగి వెంట వచ్చినవారు వసారాలో ఊరక కూర్చొని ఉంటారు కదా. వారిని వార్డులోకి పిలిచి, నర్సులే పాఠం చెప్పడం. చేతులు ఎలా కడగాలి, గాయం ఎలా చూసుకోవాలి, ఊపిరి వ్యాయామం ఎలా చేయించాలి, ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలి. తరువాత కర్ణాటక, పంజాబు ప్రభుత్వ ఆసుపత్రులకూ, ఆంధ్రప్రదేశ్‌కూ ఆ పద్ధతి పాకింది. ఏలూరు రాజావారు సత్రంలో కూర్చోబెట్టిన బంధువులకు నూరేళ్ల తరువాత పలకా బలపం ఇచ్చినట్లున్నది.

ఆ పాఠంలో నాకు నచ్చినది ఒకటున్నది. నర్సు చెప్పి ఊరుకోదు. విన్నవారిచేత తిరిగి చెప్పిస్తుంది, చేసి చూపించమంటుంది. "అర్థమయిందా?" అంటే మనవారు తల ఊపుతారు, పెద్దవారి ఎదుట కాలేదనడం మర్యాద కాదని మన పెంపకం. "ఏదీ, ఇంటికి పోయి మీ ఆయనకు ఎలా చెబుతారో నాకు చెప్పండి" అని అడిగితే అప్పుడు తెలుస్తుంది తిండికీ తిండికీ ఉన్న తేడా. అడగనిచోట మనమే అడగవచ్చు. చీటీ చేతికి రాగానే లేచిపోకుండా, "ఉండమ్మా, నేను విన్నది చెబుతాను, సరిగా ఉన్నదో లేదో చూడు" అని కుర్చీ ముందుకు జరుపుకొంటే, ఎంత రద్దీలో ఉన్న నర్సయినా ఒక నిమిషం ఆగుతుంది.